ఫిలిప్పీన్స్ పొరుగు సేవల రంగం: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఫిలిప్పీన్స్ కాల్ సెంటర్ల గురించి వేసిన చిన్న వ్యాఖ్యకు చాలా ఉత్తరాలు వచ్చాయి. విదేశీ కంపెనీల ఖాతాదారులతో ఫోన్లో మాట్లాడటం, ఆ కంపెనీల లెక్కలు రాయడం, వాటి రికార్డులు సరిచూడటం వంటి పనుల మీద ఆ దేశం 2024లో సుమారు 3,800 కోట్ల డాలర్లు ఆర్జించిందనీ, ఈ పొరుగు సేవల (ఔట్‌సోర్సింగ్) రంగంలో 18 లక్షల మందికి పైగా పనిచేస్తున్నారనీ అందులో రాశాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఏడు ప్రశ్నలకు ఇక్కడ జవాబు చెబుతున్నాం.

ప్రశ్న: ఇంగ్లిషు వచ్చినవాళ్లు మన దేశంలో అంతమంది ఉండగా, పదకొండు కోట్ల జనాభా ఉన్న ఫిలిప్పీన్స్ కాల్ సెంటర్ పనిలో మనల్ని దాటిపోయిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఇది ఎలా జరిగింది? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: దాటిన మాట నిజమే గానీ ఎందులో దాటిందో చూడాలి. సాఫ్ట్‌వేరు, పొరుగు సేవలు కలిపి చూస్తే భారతదేశం ఇప్పటికీ ఎంతో ముందుంది. 2010–11 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ మనల్ని మించినది ఫోన్ మీద మాట్లాడే పనిలో మాత్రమే. దీనికి కారణం చెప్పమంటే అందరూ ముందుగా అమెరికన్ ఇంగ్లిషు అంటారు. అది కొట్టిపారేయవలసిన మాట కాదు. 1898లో ఆ దీవులు స్పెయిన్ చేతి నుంచి అమెరికా చేతికి వెళ్లాయి. 1901లో థామస్ అనే ఓడలో వందల మంది అమెరికన్ ఉపాధ్యాయులు దిగి, బడులలో ఇంగ్లిషు బోధన మొదలుపెట్టారు. 1946లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆ భాష చదువులోనూ ప్రభుత్వ వ్యవహారాలలోనూ నిలిచిపోయింది. 1987 నాటి రాజ్యాంగం ఫిలిపినోతో పాటు ఇంగ్లిషును కూడా అధికార భాషగా గుర్తించింది. అమెరికా టీవీ, అమెరికా బాస్కెట్‌బాల్, అమెరికాలో స్థిరపడిన బంధువులు కలిసి, అమెరికా మాటతీరు ఫిలిప్పీన్స్ యువతకు చిన్నప్పటి నుంచే చెవిన పడేలా చేశాయి.

అయితే 1990లో కూడా ఆ దేశంలో ఇంతే ఇంగ్లిషు ఉంది. చెప్పుకోదగ్గ కాల్ సెంటర్ మాత్రం ఒక్కటీ లేదు. ఫిలిప్పీన్స్‌లో వందకు 98 మంది టెలిఫోను కోసం ఎదురుచూస్తుంటే, ఉన్న ఇద్దరూ డయల్ టోన్ కోసం ఎదురుచూస్తున్నారని సింగపూర్ నేత లీ క్వాన్ యూ ఆ రోజులలోనే ఎత్తిపొడిచారు. 1992–93లో రాజధాని మనీలాలో రోజుకు ఎనిమిది, పది గంటల పాటు కరెంటు పోయేది. ఈ రంగం కథ నా దృష్టిలో అక్కడి నుంచే మొదలు కావాలి. అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ ప్రభుత్వం ముందు విద్యుత్ సంక్షోభాన్ని అదుపులోకి తెచ్చింది. టెలిఫోను రంగంలో దాదాపు ఒకే కంపెనీ చెలాయిస్తున్న గుత్తాధిపత్యాన్ని 1993లో వెలువడిన ఉత్తర్వుతో సడలించి, 1995 టెలికాం చట్టంతో పోటీకి పూర్తిగా తలుపులు తెరిచింది. అదే ఏడాది ప్రత్యేక ఆర్థిక మండలాల చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన పెజా అనే సంస్థ ఆ తరువాతి సంవత్సరాలలో చేసిన తెలివైన పని ఒకటుంది. ఆర్థిక మండలం అంటే వందల ఎకరాల పారిశ్రామికవాడే అయి ఉండాలని పట్టుబట్టకుండా, నగరం నడిబొడ్డున ఉన్న ఒక్క భవనాన్ని కూడా మండలంగా గుర్తించింది. అలా 1999లో కెజోన్ సిటీలోని ఈస్ట్‌వుడ్ తొలి ఐటీ పార్కుగా రూపుదిద్దుకుంది. మకాటి, తగిగ్‌లోని బోనిఫాసియో గ్లోబల్ సిటీ, సెబూ ఐటీ పార్కు అదే బాట పట్టాయి.

2000 తరువాత ఖర్చు తగ్గించుకోవలసి వచ్చిన అమెరికన్ కంపెనీలు పని బయటికి పంపడానికి చోటు వెతికే సమయానికి, కేబుళ్లూ భవనాలూ పన్ను మినహాయింపులూ ఇంగ్లిషు వచ్చిన పట్టభద్రులూ అక్కడ సిద్ధంగా ఉన్నారు. మన టీసీఎస్, విప్రో, జెన్‌ప్యాక్ట్ వంటి సంస్థలు కూడా తరువాత అక్కడ కార్యాలయాలు తెరిచాయి కనుక, దాటిపోయారని మనం మరీ బాధపడనక్కరలేదు. ఆ పనిలో కొంత భాగం మనవాళ్లే అక్కడ చేయిస్తున్నారు.

ప్రశ్న: లాభమంతా విదేశీ కంపెనీలదే కదా, దేశానికి మిగిలేదెంత? పన్నులు కూడా మాఫీ చేస్తున్నారని విన్నాను. (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: మీ అనుమానంలో సగం న్యాయం ఉంది. పెజాలో నమోదైన సంస్థకు మొదటి కొన్నేళ్లు ఆదాయపు పన్ను ఉండేది కాదు. గడువు తీరాక కూడా మిగతా పన్నులన్నిటికీ బదులుగా స్థూల ఆదాయం మీద ఐదు శాతం కడితే సరిపోయేది. 2021లో వచ్చిన క్రియేట్ చట్టం ఈ రాయితీలకు కాలపరిమితులు బిగించింది. 2024 నవంబరులో దానికి చేసిన సవరణలు కొన్నిటిని మళ్లీ సడలించాయి. రాయితీల వల్ల ఖజానా కోల్పోయినది తక్కువేమీ కాదు.

మిగిలిన సగం చూడండి. దుస్తులో ఎలక్ట్రానిక్స్ సామగ్రో ఎగుమతి చేసే దేశం, వచ్చిన డాలర్లలో పెద్ద భాగాన్ని ముడిసరుకు, విడిభాగాల దిగుమతికే తిరిగి ఖర్చుచేయవలసి వస్తుంది. ఫోన్లో మాట్లాడే పనికి దిగుమతి చేసుకోవలసిన ముడిసరుకు దాదాపు ఏమీ లేదు. జీతం, భవనం అద్దె, కరెంటు బిల్లు, ఉద్యోగులు దిగే అద్దె గదులు, వాళ్లు తినే భోజనం, ఎక్కే వాహనాలు అన్నీ స్థానికమే. ఆ దేశంలో విదేశాలకు వలస వెళ్లినవారు పంపే డబ్బు మీద ఆధారపడిన కుటుంబాలు లెక్కకు మిక్కిలి. 2024లో వాళ్లు బ్యాంకుల ద్వారా పంపినది సుమారు 3,450 కోట్ల డాలర్లు. పొరుగు సేవల ఆదాయం ఇప్పుడు దానితో సమానంగా, కొంచెం పైగా ఉంది. ఒక సొమ్ము కోసం తల్లి దుబాయ్‌లోనో హాంకాంగ్‌లోనో ఉండిపోవాలి. రెండో సొమ్ము సంపాదించి ఆమె తెల్లవారేసరికి ఇంటికి రాగలదు. ఈ తేడాకు జాతీయాదాయ లెక్కల్లో చోటు లేదు గానీ, ఆ రంగానికి అక్కడి సమాజంలో ఉన్న గౌరవానికి మూలం మాత్రం ఇదేనని నేననుకుంటాను.

ప్రశ్న: నేను కొన్నేళ్లు రాత్రి షిఫ్టులో కాల్ సెంటర్‌లో పనిచేసి ఆరోగ్యం చెడి మానేశాను. అక్కడి ఉద్యోగుల పరిస్థితి ఏమైనా మెరుగా? చట్టాలు ఏం చెబుతున్నాయి? (ఒక గృహిణి)

జవాబు: గడియారం అందరికీ ఒక్కటే. అమెరికాలో వేసవి వేళలు నడిచే నెలల్లో న్యూయార్క్‌కూ మనీలాకూ తేడా సరిగ్గా పన్నెండు గంటలు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదికి మనీలాలో రాత్రి తొమ్మిది. అంటే అమెరికా పనివేళల్ని ఆసాంతం రాత్రిగా మార్చి ఆ దేశం నెత్తికెత్తుకుంది.

ఆ రాత్రిలో ఒక గంటను దగ్గరగా చూస్తే పని స్వభావం తెలుస్తుంది. హెడ్‌సెట్ తగిలించుకుని లాగిన్ అయిన క్షణం నుంచి ఏజెంటు సమయమంతా లెక్కలోకి వస్తుంది. కాల్ ఎత్తడానికి పట్టిన సెకన్లు, మాట్లాడినంతసేపు, మధ్యలో ఖాతాదారును ఆపి ఉంచినంతసేపు, కాల్ ముగిశాక వివరాలు నమోదు చేసినంతసేపు కలిపి సగటు తీస్తారు. ఆ సగటు క్లయింటు పెట్టిన హద్దు దాటితే టీమ్ లీడర్ పిలుస్తాడు. టాయ్‌లెట్‌కు లేచినా తెర మీద ఒక కోడ్ నొక్కి లేవాలి. క్రెడిట్ కార్డు బిల్లు చూసి మండిపడుతున్న మనిషిని శాంతపరచడానికి సమయం పడుతుంది. శాంతపరచకపోతే కాల్ రికార్డు విన్న క్వాలిటీ విభాగం మార్కులు తగ్గిస్తుంది, శాంతపరిస్తే సగటు పెరుగుతుంది. ఈ ఇరకాటం మధ్య రాత్రంతా గొంతులో చిరునవ్వు నిలపడమే అసలు నైపుణ్యం. దానికి తగ్గ జీతం రావడం లేదని ఉద్యోగులు అంటే కాదనలేం. ఇక, సామాజిక మాధ్యమాలలో హింస, అశ్లీల దృశ్యాలను చూసి తొలగించే పని కూడా చాలా కాలంగా మనీలాకు వెళుతోంది. అది మనసు మీద వేసే ముద్ర వేరే చెప్పాలా?

చట్టాల విషయానికి వస్తే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చేసే పనికి కనీసం పది శాతం అదనపు వేతనం ఇవ్వాలని అక్కడి కార్మిక నియమావళి చెబుతుంది. ఏడాదికి పదమూడో నెల జీతాన్ని డిసెంబరు 24 లోపు ఇచ్చి తీరాలన్న నియమం 1975 నుంచి ఉంది. మహిళలు రాత్రిపూట పనిచేయడం మీద పాత నియమావళిలో నిషేధం ఉండేది. కాల్ సెంటర్లు మినహాయింపులు తెచ్చుకుంటూ నెట్టుకొచ్చాయి. 2011లో చట్టం చేసి ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. దానితో పాటు రాత్రి కార్మికులు కోరితే ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించడం, విశ్రాంతి సదుపాయాలు కల్పించడం యజమాని బాధ్యతగా పెట్టారు. జీతం మనీలాలో మామూలు కనీస వేతనం కంటే నయమే. కుటుంబ సభ్యులకు కూడా వర్తించే ఆరోగ్య బీమా కార్డు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. జీతం కన్నా దాన్ని చూసి చేరేవాళ్లు కూడా ఉన్నారు.

కాగితం మీద ఇవన్నీ బాగానే ఉంటాయి. 2017 డిసెంబరు 23న దావో నగరంలో ఒక షాపింగ్ మాల్‌కు నిప్పంటుకుని 38 మంది చనిపోయారు. వాళ్లలో 37 మంది పై అంతస్తులోని కాల్ సెంటర్‌లో పనిచేస్తున్నవారే. ఇరవైనాలుగు గంటలూ మనుషులుండే కార్యాలయాన్ని, అందుకు తగిన అగ్నిమాపక ఏర్పాట్లు లేని భవనంలో నడపడం ఎంత ప్రమాదమో ఆ రోజు తేలింది. యూనియన్లు ఈ రంగంలో నామమాత్రం. మీరు మానేసినట్టే అక్కడా ఏటా ఎంతోమంది మానేస్తున్నారు. వాళ్లలో చాలామంది వీధి దాటి మరో కంపెనీలో, చేరిక బోనసు తీసుకుని, అదే పనికి కుదురుకుంటారు.

ప్రశ్న: పాతికేళ్లుగా ఈ రంగంలో ఉన్నా ఆ దేశం ఇంకా ఫోన్ కాల్స్ దగ్గరే ఎందుకు ఆగిపోయింది? పైమెట్టు పనులు ఎందుకు రావడం లేదు? (ఒక విశ్రాంత అధ్యాపకుడు)

జవాబు: పూర్తిగా ఆగిపోలేదు. బహుళజాతి బ్యాంకులు మనీలాలో సొంత కేంద్రాలు పెట్టి లెక్కల పని, నష్టభయం అంచనా వేసే పని చేయిస్తున్నాయి. జపాన్ యానిమేషన్ సంస్థ తోయెయ్ 1986 నుంచే అక్కడ బొమ్మలు గీయిస్తోంది. అన్నిటికంటె ఆసక్తికరమైనది వైద్య రంగం. అమెరికా నర్సింగ్ పరీక్ష పాసై, వీసా రాకో వెళ్లడం ఇష్టం లేకో ఉండిపోయిన నర్సులను అక్కడి సంస్థలు చేర్చుకుని, అమెరికా బీమా కంపెనీల తరఫున చికిత్సా పత్రాలు పరిశీలింపజేస్తున్నాయి. వార్డులో నిలబడి చేసే పనికి స్వదేశీ ఆసుపత్రి ఇచ్చే జీతం కన్నా ఇది చాలా ఎక్కువ. అలా లాభపడిన నర్సును తప్పుపట్టలేం; కానీ అసలే నర్సులు విదేశాలకు తరలిపోతున్న దేశంలో, స్వదేశంలో ఉన్నవాళ్లు కూడా రోగి మంచం దగ్గర నుంచి కంప్యూటరు ముందుకు వెళ్లిపోవడం చిన్న విషయం కాదు.

ఇక మీరడిగిన అసలు సంగతి చదువుకు సంబంధించింది. 2013 చట్టంతో పాఠశాల విద్యను పన్నెండేళ్లకు పెంచే దాకా ఆ దేశంలో బడి చదువు పదేళ్లే. చదవడం, లెక్కలలో అక్కడి పదిహేనేళ్ల పిల్లలు 2018, 2022 అంతర్జాతీయ పీసా పరీక్షల్లో అట్టడుగున ఉన్న దేశాల సరసన నిలిచారు. సరళంగా ఇంగ్లిషు మాట్లాడటం ఒకటి, పది పేజీల ఒప్పందం చదివి అందులో లొసుగు పట్టుకోవడం మరొకటి. మొదటిది సినిమాలూ టీవీ నేర్పగలవు. రెండోదానికి బడి కావాలి. కంపెనీలు దరఖాస్తుదారుల్లో అతి కొద్దిమందినే తీసుకోగలుగుతున్నామని ఎన్నో ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. ప్రభుత్వ శిక్షణ సంస్థ టెస్డా ద్వారా ఇచ్చే స్కాలర్‌షిప్పులతో, ఉద్యోగానికి అంచుదాకా వచ్చి తప్పినవారిని కొన్ని వారాల్లో తీర్చిదిద్దే కార్యక్రమాలు నడిచాయి. అవి ఫోన్ పనికి సరిపోయాయి. డేటా విశ్లేషణకో సాఫ్ట్‌వేరు రూపకల్పనకో కొన్ని వారాల శిక్షణ ఏ మూలకు వస్తుంది? గొంతు పనిలో విజయం అంత త్వరగా రావడం వల్లే, ఇంజనీరింగు, గణితం వంటి వాటిలో నెమ్మదిగా పండే పెట్టుబడిని పాలకులు వాయిదా వేశారన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: తుపానులు, భూకంపాలు వచ్చే దీవుల్లో ఇరవైనాలుగు గంటల సేవ ఎలా సాధ్యం? ఇంటి నుంచి పని చేయిస్తే సరిపోదా? (ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి)

జవాబు: సాధ్యమవుతోంది గానీ ఖర్చుతో. 2021 డిసెంబరులో ఒడెట్ తుపాను తాకినప్పుడు సెబూలో చాలా ప్రాంతాలకు వారాల తరబడి కరెంటు లేదు. జనరేటర్లున్న కార్యాలయాలు నడిచాయి. ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని ఆ కార్యాలయాలకే చేరారు. విద్యుత్ ధర ఆగ్నేయాసియాలో అధికంగా ఉన్న దేశాల్లో ఫిలిప్పీన్స్ ఒకటి కనుక, రెండేసి ఇంటర్నెట్ లైన్లూ జనరేటర్లూ కలిపి చేతిచమురు బాగానే వదులుతుంది. ఒక నగరంలో ఆగినా మరొక నగరంలో నడవాలన్న ఆలోచనతోనే బకోలోద్, ఇలోయిలో, దుమగెటె, క్లార్క్ వంటి చోట్లకు పని విస్తరించింది. రాజధాని బయటి యువతకు దీనివల్ల ఒరిగిన మేలు చాలా ఉంది.

ఇంటి నుంచి పని చేయించడం మీద ఒక విచిత్రమైన రగడ జరిగింది. 2020 మార్చిలో మనీలా ఉన్న లుజోన్ దీవి మొత్తానికి లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు కంపెనీలు కొందరు ఉద్యోగులను దగ్గరి హోటళ్లలో ఉంచాయి, కొందరు ఆఫీసుల్లోనే పడుకున్నారు, మిగతావాళ్ల ఇళ్లకు కంప్యూటర్లు పంపించారు. మహమ్మారి తగ్గింది. పన్ను రాయితీ ఇచ్చినది ఆర్థిక మండలం లోపల చేసిన పనికి కదా, మండలం దాటితే రాయితీ ఎందుకని ఆర్థిక శాఖ అడిగింది. చట్టం ప్రకారం ఆ ప్రశ్న సబబే. 2022 ఏప్రిల్ నుంచి ఆఫీసులకు తిరిగి రమ్మన్నారు. ఉద్యోగులు ఎదురుతిరిగారు, కంపెనీలు గగ్గోలు పెట్టాయి. చివరికి అదే ఏడాది సెప్టెంబరులో, పెజా నుంచి పెట్టుబడుల మండలి అనే మరో ప్రభుత్వ సంస్థకు నమోదు మార్చుకుంటే రాయితీ పోదన్న సర్దుబాటు కుదిరింది. పైన చెప్పిన 2024 నవంబరు సవరణ చట్టం ఆర్థిక మండలాల్లోని సంస్థలకు సిబ్బందిలో సగం మంది దాకా ఇంటి నుంచి పనిచేసే వీలు కల్పించింది. ఒకప్పుడు భవనానికే హోదా ఇచ్చి గెలిచిన విధానం, పని భవనం దాటి బయటికి రాగానే ఇలా కాలికి చుట్టుకుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ జూదం కంపెనీలను ఫిలిప్పీన్స్ నిషేధించింది కదా, అవి కూడా ఈ రంగంలోవేనా? (పేరు రాయని పాఠకుడు)

జవాబు: కావు. పోగో అని పిలిచే ఆ సంస్థలు విదేశీ, ముఖ్యంగా చైనా జూదరుల కోసం నడిచినవి. వాటి లైసెన్సులు జూద నియంత్రణ సంస్థ పాగ్‌కోర్ ఇచ్చేది. మోసాలు, మనుషుల అక్రమ రవాణా బయటపడ్డాక 2024 జులైలో అధ్యక్షుడు మార్కోస్ వాటిని నిషేధించి, ఆ ఏడాది చివరికల్లా మూసేయమన్నారు. పొరుగు సేవల రంగానికి దానితో ఉన్న సంబంధం ఒక్కటే. అవి ఖాళీ చేసిన భవనాల వల్ల మనీలాలో ఆఫీసు అద్దెలు చౌకయ్యాయి.

ప్రశ్న: కృత్రిమ మేధ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా? అమెరికా కూడా బయటికి పంపే పని మీద పన్ను వేస్తుందంటున్నారు. (ఒక ఇంటర్ విద్యార్థి తండ్రి)

జవాబు: పన్ను సంగతి ముందు చూద్దాం. విదేశాలకు చెల్లించే పొరుగు సేవల రుసుము మీద 25 శాతం పన్ను వేయాలని 2025 సెప్టెంబరులో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అవతల మాట్లాడేది ఏ దేశం నుంచో ఖాతాదారుకు చెప్పాలని, కోరితే అమెరికాలోని ఏజెంటుకు కాల్ మార్చాలని మరో బిల్లు అంతకు కొద్ది ముందే వచ్చింది. ఇటువంటి బిల్లులు అక్కడ ఎన్నికల గాలిని బట్టి వస్తూ పోతూ ఉంటాయి. చట్టం కాకుండా మూలపడినవే ఎక్కువ. అయినా ఆదాయంలో సింహభాగం ఒకే దేశం నుంచి తెచ్చుకునేవారికి ఆ దేశంలో ఎవరు తుమ్మినా ఉలికిపాటు తప్పదు.

కృత్రిమ మేధ అంతకన్నా లోతైన విషయం. దాని ప్రభావం అన్ని పనుల మీదా ఒకేలా ఉండదు. పాస్‌వర్డు మార్చడం, పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడం, ఖాతాలో నిల్వ చెప్పడం వంటి కాల్స్‌ను యంత్రం ఇప్పటికే తీసుకుంటోంది. కొత్తగా చేరిన ఏజెంటు మొదటి నెలల్లో చేసే పని సరిగ్గా అదే. బీమా క్లెయిము తిరస్కరించారని ఏడుస్తున్న మనిషితో మాట్లాడటం ఇప్పటికీ మనిషి పనే. కానీ ఆ పనికి మొదటి రోజునే ఎవరినీ కూర్చోబెట్టరు. ఏడాదో రెండేళ్లో సులువైన కాల్స్ మీద చేయి తిరిగాకే అక్కడికి పంపుతారు. సులువైన కాల్స్ పోతే, కష్టమైన కాల్స్‌కు మనుషులు తయారయ్యే దారి మూసుకుపోతుంది. ఉద్యోగాల తొలగింపు గురించి పత్రికలు రాస్తున్నంతగా, కొత్త చేరికలు తగ్గడం గురించి రాయడం లేదు.

మరోవైపు అదే సాంకేతికత ఏజెంటుకు తోడుగానూ వచ్చింది. మాట్లాడుతుండగానే చెప్పవలసిన జవాబు తెర మీద చూపే సాఫ్ట్‌వేరు, మాట్లాడేవారి యాసను అప్పటికప్పుడు అమెరికన్ యాసగా మార్చి వినిపించే సాఫ్ట్‌వేరు వాడుకలోకి వచ్చాయి. ఈ రెండోది ఫిలిప్పీన్స్‌కు మేలు చేస్తుందని సంబరపడేవారు ఒక్క క్షణం ఆగాలి. నూరేళ్లకు పైగా ఆ దేశానికి ఉన్న ప్రత్యేకత ఏదో, దాన్ని ఈ యంత్రం ఇప్పుడు ఏ దేశంవారికైనా అమ్ముతోంది.

2028 కల్లా 25 లక్షల ఉద్యోగాలు, 5,900 కోట్ల డాలర్ల ఆదాయం సాధించాలని అక్కడి పరిశ్రమ సంఘం ఐబీపాప్ 2022లో లక్ష్యం పెట్టుకుంది. ఆదాయం లక్ష్యం దరిదాపులకు వెళ్లినా ఉద్యోగాల లక్ష్యం అందకపోవచ్చని నాకనిపిస్తోంది. మీ అబ్బాయి విషయంలో మీరు అడగకుండా అడిగినదానికి జవాబు కూడా ఇదే. ఈ రంగంలోకి రావాలనుకుంటే ఇంగ్లిషు మాట్లాడటం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అకౌంటింగో, బీమా నిబంధనలో, వైద్య రికార్డుల కోడింగో ఏదో ఒక విషయం డిగ్రీలో ఉండగానే గట్టిగా నేర్చుకోమనండి. కంపెనీలు నేరుగా అలాంటి పనులకే మనిషిని వెతుక్కునే రోజులు వస్తున్నాయి.